కాపలా మాది... కాంట్రాక్టు ఎవరిది?

రాత్రి పదకొండు దాటినాక హిందూపురంలోనో, పెనుకొండలోనో, ధర్మవరంలోనో ఊరి చివర నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి చూడండి. ఒక బల్బు వెలుగుతుంటాది. దాని కింద ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో తలకు తుండుగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన. చేతిలో కట్టె. ఒంటి మీద నీలం చొక్కా, భుజం మీద 'సెక్యూరిటీ' అని కుట్టిన పట్టీ. ఆ చొక్కా డబ్బులు కూడా ఆయన జీతంలోనే కోసింటారు.

ఆయన్ని అడగండి: "పెద్దాయనా, నువ్వు ఎవరి మనిషివి?"

"మున్సిపాలిటీలో పని చేస్తాండా నాయనా" అంటాడు.

మున్సిపల్ ఆఫీసుకు పోయి అడగండి. "ఆయన మా మనిషి కాదు, ఏజెన్సీ మనిషి" అంటారు. ఏజెన్సీ వాణ్ణి అడగాలంటే ముందు వాడు దొరకాల. దొరికితే "మున్సిపాలిటీ నుంచి బిల్లు రాలేదు, నేనేం చేసేది?" అంటాడు.

ఊరి నీళ్లకు, ఊరి బడికి, ఊరి మార్కెట్టుకు, ఊరి శ్మశానానికి కాపలా కాసే మనిషికి తాను ఎవరి మనిషో చెప్పుకునే దిక్కు లేదు. దీనికి ఆఫీసు కాగితాల్లో పెద్ద పేరుంది: 'భద్రతా సేవల సేకరణ'. సిమెంటు సేకరించినట్టు, బ్లీచింగ్ పౌడరు సేకరించినట్టు మనుషుల్ని సేకరిస్తున్నారు. సిమెంటుకైనా నాణ్యత పరీక్ష ఉంటుంది, నిలువ ఉంచడానికి గోదాము ఉంటుంది. ఈ మనిషి వానలో తడుస్తున్నాడా, పస్తున్నాడా అని చూసేవాడు లేడు.

ఈ పని చేస్తున్నదెవరు? మేము ఈ మూడు ఊళ్లలో తిరిగి మాట్లాడినంతలో మాదిగలు, మాలలు, బోయలు, దూదేకులవాళ్లు, మగ్గం ఆగిపోయి వీధిన పడిన చేనేతవాళ్లు. టెండరు వేసేది ఎవరు? సంతకం పెట్టేది ఎవరు? బిల్లు తీసుకునేది ఎవరు? ఆ పేర్లు మీరే చదువుకోండి. చదివితే ఈ వ్యాసం సగం అర్థమైపోతుంది.

తలారి పోయె, సెక్యూరిటీ వచ్చె

కాపలా మనకు కొత్తది కాదు. తలారి ఎవరు? వెట్టివాడు ఎవరు? నీరుగంటి ఎవరు? ఊరి పంటకు, ఊరి చెరువుకు, ఊరి శవానికి, ఊరికొచ్చిన దొరల గుర్రానికి కాపలా కాసింది మన తాతలే. దానికి కూలి లేదు. కళ్లంలో మిగిలిన గింజలు, చచ్చిన గొడ్డు, పండక్కి ఒక పాతగుడ్డ. పగలూ రాత్రీ తేడా లేదు. ఒకడు జ్వరం పడితే వాని కొడుకు రావాల, కొడుకు లేకపోతే పెండ్లాం రావాల.

అంబేద్కర్ మొదట్లో చేసిన పోరాటాలలో ఒకటి సరిగ్గా దీని మీదనే. మహారాష్ట్రలో మహర్లు 'వతన్' పేరుతో ఊరి కాపలా, ఊరి చాకిరీ చేసేవాళ్లు. 1874 నాటి బొంబాయి వంశపారంపర్య ఉద్యోగాల చట్టం ఆ చాకిరీకి ముద్ర వేసింది. దాన్ని సవరించాలని బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసన మండలిలో బిల్లు పెట్టినాడు. ఇరవై నాలుగు గంటలూ సర్కారుకు బంటుగా ఉండే మనిషి ఎప్పటికీ స్వతంత్రుడు కాలేడని ఆయన గుర్తించినాడు. ఆ బిల్లు అప్పుడు గట్టెక్కలేదు. బొంబాయి రాష్ట్రంలో ఆ వతన్లు చట్టంతో రద్దయ్యేసరికి 1958 వచ్చింది. ఆయన కన్నుమూసినాక రెండేండ్లకు!

మన దగ్గర చూడండి. 1984 జనవరిలో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం కరణం, మునసబు పదవులను ఎత్తేసింది. పైనున్న పెత్తనం పోయింది, మంచిదే. కింద ఉన్న చాకిరీ పోయిందా? పేరు మార్చుకుని గ్రామ సేవకుడైంది. ఆ తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకుడైంది. పట్నంలో అదే చాకిరీ నీలం చొక్కా తొడుక్కుని సెక్యూరిటీ గార్డు అయింది.

ఇంకొంచెం వెనక్కి పోదాం. మనది పాళెగాళ్ల సీమ. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడినాక విజయనగర రాజులు పెనుకొండకు చేరి, అక్కడి నుంచే రాజ్యం చేసినారు. ఆ కోట గోడలు ఇప్పటికీ ఉన్నాయి. కోటలు కూలినాక ఈ సీమ పాళెగాళ్ల చేతిలో పడింది. పాళెగాడు ఊరి మీద 'కావలి' రుసుము వసూలు చేసుకునేవాడు. రుసుము వానిది. రాత్రంతా పొలిమేరలో కట్టె పట్టుకుని నిలబడింది మాత్రం కింది కులం మనిషి. 1800లో ఈ జిల్లాలు కంపెనీ చేతికి పోయినాక మన్రో దొర పాళెగాళ్లను అణిచినాడని పుస్తకాల్లో చదువుతాం. అణిచింది పాళెగాళ్లనే, పద్ధతిని కాదు. కావలి రుసుము ఒకని జేబులోకి, కావలి కష్టం ఇంకొకని ఒంటి మీదికి అనే పద్ధతి టెండరు ఫారం రూపంలో మళ్లా పుట్టింది. ఇప్పటి పాళెగాని పేరు మ్యాన్‌పవర్ ఏజెన్సీ.

ఒక గేటు లెక్క

మాటలు వద్దు, లెక్క చూద్దాం. బడిలో చదువుకున్న మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క మీరే వేయండి.

ఒక పంపుహౌసు గేటు. దానికి రేయింబవళ్లు కాపలా కావాల. వారానికి ఏడు దినాలు, దినానికి ఇరవై నాలుగు గంటలు. అంటే 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పని చేయాలని చట్టం. ఆ 48 గంటల హద్దు కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నాడు. ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటలున్న పని 48కి దిగింది 1946లోనే.

168ని 48తో భాగించండి. మూడున్నర వస్తుంది. అంటే రెండు గేట్లకు ఏడుగురు మనుషులు కావాల. మరి మన ఊళ్లల్లో పెడుతున్నది ఎందరిని? గేటుకు ఇద్దరిని. పగలు ఒకడు, రాత్రి ఒకడు. పన్నెండు గంటలు, పన్నెండు గంటలు. ఆదివారం లేదు, ఉగాది లేదు, పీర్ల పండగ లేదు. ఒక్కొక్కడు వారానికి 84 గంటలు. చట్టం చెప్పిన దానికన్నా 36 గంటలు ఎక్కువ.

ఎక్కువ చేసిన గంటకు రెట్టింపు కూలి ఇయ్యాల. అంటే ఆ 36 గంటలకు 72 గంటల కూలి. మొత్తం 48, 72 కలిపి 120 గంటల కూలి ఒక్కొక్కనికి. ఇద్దరికీ 240. ఇచ్చేది ఎంత? నెల జీతం ఒక్కటే. అంటే 48 గంటల కూలి, ఇద్దరికీ కలిపి 96. ఒక్క గేటు దగ్గర, ఒక్క వారంలో, 144 గంటల కూలి మాయం!

సరిగా మనుషుల్ని పెట్టుకుని ఉంటే 168 గంటల మామూలు కూలితో పోయేది, మూడో మనిషికి బతుకు దొరికేది. అలా పెట్టుకోరు. ఎందుకంటే ఇద్దరితో చేయించి 240 ఇయ్యాల్సిన చోట 96తో సరిపెట్టొచ్చు. ఏ లెక్కల మాస్టరు దగ్గరికైనా పోయి ఈ లెక్క చూపించండి. దీన్ని పొదుపు అంటారా, దొంగతనం అంటారా? గేటు లోపల సొత్తుకు కాపలా కాసే మనిషి దగ్గర గేటు బయట జరుగుతున్న దొంగతనం ఇది.

ఇంకో లెక్క. టెండరులో అందరికన్నా తక్కువ కోట్ చేసినవానికి పని. సరే. జీతం ఇంత, దాని మీద పి.ఎఫ్. వాటా ఇంత, ఇ.ఎస్.ఐ. వాటా ఇంత అని ముందే ఉంటుంది. అవి తగ్గించే వీలు లేదు. తగ్గించేది ఏజెన్సీ తన కమీషన్నే. పోటీ పడి పడి కమీషన్ ఉత్తి పైసలకు దిగుతుంది. అయ్యా, ధరావతు కట్టి, బ్యాంకు గ్యారంటీ పెట్టి, బిల్లు కోసం నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగి, ఊరికే సేవ చేయడానికి వీడేమైనా బుద్ధుడా? ధర్మసత్రం పెట్టినాడా? వాని లాభం ఎక్కడి నుంచి వస్తుంది? చేరేటప్పుడు తీసుకునే 'డిపాజిట్' నుంచి వస్తుంది. చొక్కా, బెల్టు, టోపీ పేరుతో కోసే కోత నుంచి వస్తుంది. కట్టినానని చెప్పి కట్టని పి.ఎఫ్. నుంచి వస్తుంది. పది మంది పేర్లు రాసి ఏడుగురిని నిలబెట్టడం నుంచి వస్తుంది. తక్కువకు కోట్ చేసినవాడు తక్కువ తింటాడని అనుకోవద్దు. వాడు మన కంచంలో తింటాడు.

కేబులు పోయింది, జీతం పోయింది

మేము కలిసిన ఒకాయన కథ చెబుతాం. ఏ ఊరో రాయం. రాస్తే ఆయన ఉన్న పని కూడా పోతుంది. అరవై దాటిన మనిషి. ఊరి బయట పంపుహౌసు దగ్గర రాత్రి కాపలా. దగ్గర్లో ఇల్లు లేదు. గదికి తలుపు లేదు. లైటు పోయి పది దినాలైందని రెండు సార్లు చెప్పుకున్నాడు. మూడో సారి చెప్పేలోపే ఒక అమావాస్య రాత్రి నలుగురు వచ్చి మోటరు కేబులు కోసుకుపోయినారు. ఆయన అరిచినాడు. ఎవరికి వినపడాల? ఒక రాయి వచ్చి మోకాలికి తగిలింది.

తెల్లారి ఏమైంది? మోకాలు చూసినవాడు లేడు. "నిద్రపోయింటావు" అన్నారు. "నీకూ వాటా ఉందేమో" అన్నారు. పోలీసులు రెండు దినాలు తిప్పినారు. ఏజెన్సీ వాడు కేబులు ఖరీదు జీతంలో కోసుకుంటానన్నాడు. మూడు నెలలు కోసినాడు. ఆయన మాకు చెప్పిన మాట ఇది:

"సామీ, కేబులు పోయినందుకు నాకేం బాధ లేదు. ముప్పై ఏండ్లు ఎవరి గడ్డిపోచా ముట్టలేదు. నన్ను దొంగన్నారు సూడు, ఆ మాట నిద్దర పట్టనీయలే."

మోకాలు మీద దెబ్బ కనిపిస్తుంది. ఆ మాట దెబ్బ కనిపించదు. మన వాడలో పుట్టినవానికే ఆ దెబ్బ తెలుస్తుంది. ఊర్లో కోడి పోతే మొదట మన గుడిసెలే వెతికినారు. ఇప్పుడు కేబులు పోతే కాపలావాని గుడిసె వెతుకుతున్నారు. కాపలా పెట్టేటప్పుడు నమ్మకస్తుడు, సొత్తు పోయినాక దొంగ!

జీతంలో అలా కోసే హక్కు ఎవరికీ లేదు. వేతన చట్టం ఏం చెబుతుంది? పోయిన వస్తువు ఆ మనిషికి అప్పజెప్పినదై ఉండాల, అతని నిర్లక్ష్యం వల్లనే పోయి ఉండాల, ముందుగా అతని సంజాయిషీ అడగాల. లైటు లేని చోట, తలుపు లేని గదిలో, ఒంటరిగా నిలబెట్టి నిర్లక్ష్యం ఎవరిదంటారు?

పెద్ద పెద్ద గేట్లు, కెమెరాలు, కంచెలు ఉన్న చోట ఏమవుతోంది? పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారం నుంచి ఐదేండ్లలో సుమారు 900 ఇంజన్లు పోయినాయని 2025లో పత్రికలన్నీ రాసినాయి. ఇంజను అంటే చంకలో పెట్టుకుపోయేది కాదు. కాగితాలు తెలిసినవాళ్లు, లోపలి దారి తెలిసినవాళ్లు లేకుండా అది కదలదు. అంత పెద్ద చోటే సొత్తు కాపాడేది చొక్కా మీది పట్టీ కాదని తేలిపోయింది. అలాంటప్పుడు ఒక కట్టె ఇచ్చి, ఒక ముసలాయన్ని నిలబెట్టి, ఊరి సొత్తంతా నీ నెత్తి మీదే అంటే న్యాయమేనా?

చట్టం ఎటు నడిచింది?

చట్టం మన వైపు ఒక అడుగు వేసి, రెండడుగులు వెనక్కి పోయిన కథ తెలుసుకోవాల.

1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. నిత్యం జరిగే పనికి కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. దాని కింద కేంద్రం 1976 డిసెంబరులో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కేంద్రం పరిధిలోని సంస్థల భవనాలలో ఊడ్చే పని, కడిగే పని, దుమ్ము దులిపే పని, కాపలా పని కాంట్రాక్టుకు ఇయ్యగూడదని. చూసినారా? కాపలా ఆ జాబితాలో ఉంది. 1996 డిసెంబరులో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు నిషేధించినాక ఆ కార్మికులు అసలు సంస్థ కార్మికులే అవుతారని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన ఆంధ్ర గడ్డ మీద దళిత కుటుంబంలో పుట్టిన జస్టిస్ కె. రామస్వామి. చీపురు పట్టినవాని బాధ, కట్టె పట్టినవాని బాధ తెలిసిన కలం అది.

ఐదేండ్లు నిండలేదు. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. 1976 నోటిఫికేషన్‌ను కూడా కొట్టేసింది. దానంతటదే పర్మినెంటు కావడం అనేది లేదంది.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చినాయి. 1970 చట్టం పోయింది. కొత్త కోడ్ ఏమంటుందంటే, సంస్థకు కీలకమైన పనులలో కాంట్రాక్టు కూలీలను పెట్టగూడదు. వినడానికి బాగుంది. మరి కీలకం కాని పనులేవి? ఆ జాబితా చదవండి. ఊడ్చడం, శుభ్రం చేయడం, చెత్త ఎత్తడం. కాపలా, సెక్యూరిటీ. క్యాంటీనులో వంట. మూటలు దించడం, ఎత్తడం. తోట పని. బట్టలుతకడం. ఈ జాబితాను మన పెద్దవాళ్లకు చదివి వినిపించండి. "ఇది మన కులాల పట్టిక కదా నాయనా" అంటారు. తరతరాలుగా మనకు అంటగట్టిన పనులన్నీ ఏరి ఏరి 'ఇవి కీలకం కాదు' అని రాసినారు. పాకీ పని లేకుండా, కాపలా లేకుండా, కూలి లేకుండా ఒక్క దినం మీ ఊరు నడిపి చూపించండి, అప్పుడు చెప్పండి ఏది కీలకమో! 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మె కట్టినప్పుడు వీధులన్నీ చెప్పలేదా ఏది కీలకమో?

వెట్టి అంటే ఏమిటో కూడా కోర్టే చెప్పింది. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి చాకిరీయే అని. కట్టేసి కొట్టినప్పుడే వెట్టి కాదు. ఆకలి కట్టేసి పని చేయించినా వెట్టే. అంటే పన్నెండు గంటలు నిలబెట్టి ఎనిమిది గంటల కూలి ఇచ్చే ప్రతి గేటు దగ్గరా వెట్టి నడుస్తోంది. ప్రభుత్వ భవనం ముందరే, జాతీయ జెండా కిందనే నడుస్తోంది.

రిజర్వేషన్ ఎటు పోయింది?

అసలు కుట్ర ఇక్కడుంది. ఒకప్పుడు నైట్ వాచ్‌మన్ అంటే సర్కారు ఉద్యోగం. నాలుగో తరగతిదైనా ఉద్యోగమే. దానికి రోస్టరు ఉంది. వందకు పదిహేను ఎస్సీలకు, ఆరు ఎస్టీలకు. ఆ వాచ్‌మన్ కొడుకు ఇంటరు చదివినాడు, కూతురు టీచరయింది. మన వాడల్లో మొదటి పెంకుటిల్లు కట్టింది చాలా చోట్ల ఒక అటెండరో, ఒక వాచ్‌మనో, ఒక రైల్వే గ్యాంగ్‌మనో.

1994లో రాష్ట్రం చట్టం చేసి దినకూలి నియామకాలను నిషేధించింది. ఐదేండ్లు నిండినవాళ్లను అదే ఏడు 212 జీవోతో తీసుకుంటామన్నారు. తలుపు అక్కడితో మూసినారు. 1998 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పులతో సంస్కరణలు వచ్చినాయి. ఖాళీ అయిన పోస్టు ఖాళీగానే ఉంది. పని మాత్రం ఖాళీ కాలేదు. ఆ పని ఏజెన్సీకి పోయింది. ఏజెన్సీకి రోస్టరు లేదు.

2020 జూలైలో ఆప్కాస్ అనే కార్పొరేషన్ పెట్టినారు. మధ్య దళారి లేకుండా జీతం బ్యాంకులో వేస్తామన్నారు. సగం ఉద్యోగాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు అన్నారు. దళారిని తీసేసినంత వరకు అది మేలే. మేలును మేలనే అంటాం. అయితే అందులో పేరు ఎక్కినవానికే ఆ మేలు. ఎక్కనివాడు ఏజెన్సీ వాకిట్లోనే నిలబడినాడు. ఎక్కినవాడు కూడా పర్మినెంటు కాలేదు. 2024లో ప్రభుత్వం మారింది. 2025లో ఆప్కాస్‌ను ఎత్తేస్తారన్న మాట పత్రికలకెక్కింది. ఒకరు పెట్టేది, ఇంకొకరు తీసేది. మధ్యలో గేటు దగ్గర నిలబడినవాని బతుకు జెండా కర్రలాగా ఎవరు పడితే వాళ్లు పాతుతారు, పీకుతారు.

అన్నలారా, అక్కలారా, ఒక్కమాట మనలో మనం. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్సు వచ్చింది. రెల్లి కులాలకు ఒక శాతం, మాదిగ కులాలకు ఆరున్నర, మాల కులాలకు ఏడున్నర. ముప్పై ఏండ్ల మాదిగ దండోరా పోరాట ఫలం అది. న్యాయంగా పంచుకోవడం న్యాయమే. అయితే పంచుకునే సంగటి ముద్దనే ఎవడో ఎత్తుకుపోతుంటే, మనం గిన్నె అంచు దగ్గర నిలబడి ఆరున్నరా ఏడున్నరా అని పోట్లాడుకుంటే ఎట్లా? సున్నాలో ఆరున్నర శాతం ఎంత? సున్నాలో ఏడున్నర శాతం ఎంత?

ఇంకో మాట కూడా దాచగూడదు. ఏజెన్సీ వాని కింద మేస్త్రీగా ఉండి, మన వాడ పిల్లల దగ్గరే చేర్పించినందుకు డబ్బు తీసుకునే మనవాళ్లు ఉన్నారు. నీలం కండువా వేసుకుని సాయంత్రం జై భీమ్ అని, పొద్దున కాంట్రాక్టరు దగ్గర వాటా లెక్క చూసుకునేవాళ్లు ఉన్నారు. పాళెగాని కింద పనిచేసిన బంట్లు కూడా మన కులంవాళ్లే. బంటుతనం బంటుతనమే, కండువా రంగు ఏదైనా.

ఆఫీసరు వాదనలు, మా జవాబులు

"డబ్బు లేదు" అంటారు. డబ్బు లేకపోతే ఏజెన్సీకి బిల్లు ఎట్లా కడుతున్నారు? ఆ బిల్లులో మనిషి జీతం కాక మిగిలినదంతా మూడో మనిషికి ఎట్లా వస్తుంది?

"ఏజెన్సీవాళ్లు శిక్షణ పొందినవాళ్లను ఇస్తారు" అంటారు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు లేకుండా ఈ వ్యాపారం చేయగూడదు. దాని నిబంధనల ప్రకారం ప్రతి గార్డుకూ నూరు గంటలు తరగతిలో, అరవై గంటలు బయట, మొత్తం 160 గంటల శిక్షణ ఇయ్యాల. మేము అడిగినవాళ్లలో 160 నిమిషాల శిక్షణ పొందినవాడు కూడా లేడు. వాళ్లకు నేర్పింది ఒక్కటే: చైర్మన్ కారు వస్తే లేచి సెల్యూట్ కొట్టడం.

"వాళ్లు నిద్రపోతారు" అంటారు. వారానికి 84 గంటలు నిలబెట్టి చూడండి, కమిషనరయినా నిద్రపోతాడు. పగలు ఇంకో కూలికి పోకపోతే బియ్యం దొరకని మనిషి రాత్రి కన్ను మూస్తే తప్పు కన్నుదా, కూలిదా?

"కెమెరాలు పెడతాం, మనిషే వద్దు" అంటారు. కెమెరా దొంగను చూస్తుంది, ఆపదు. పార్కులో ఆడపిల్లను ఏడిపిస్తే కెమెరా అడ్డం పోదు. ట్యాంకు దగ్గర పిల్లవాడు నీళ్లలో పడితే దూకదు. మా పేరు చెప్పి కెమెరాల టెండరు ఇంకొకనికి ఇచ్చే ఏర్పాటు కాకపోతే చాలు.

"మేము నేరుగా తీసుకునే వీలు లేదు, పైనుంచి ఉత్తర్వులు లేవు" అంటారు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. నీళ్లు, పారిశుధ్యం, పార్కులు, శ్మశానాలు పురపాలక సంఘాలు చూసుకోవలసిన పనులని పన్నెండో షెడ్యూలు రాసింది. ఆ పనులు మీవైతే ఆ పనుల కాపలా ఎవరిది? 2021 మార్చిలో హిందూపురం, ధర్మవరంలో, అదే ఏడు నవంబరులో పెనుకొండ నగర పంచాయతీలో మా వాడలకొచ్చి ఓట్లు అడిగినప్పుడు ఏ ఏజెన్సీ ద్వారా అడిగినారు? ఓటు నేరుగా కావాల, జీతం మాత్రం దళారి చేతి మీదుగానా?

మనం చేయాల్సింది

తిట్టి ఊరుకుంటే లాభం లేదు. ఆర్థిక సంవత్సరం మారినప్పుడల్లా కొత్త టెండరో, పాతదానికి పొడిగింపో వస్తుంది. కాగితం తయారయ్యేటప్పుడే మనం అక్కడ ఉండాల. సంతకాలైనాక ధర్నా చేస్తే "వచ్చేసారి చూద్దాం" అంటారు.

సంఘం బాధ్యులు చేయాల్సిన పనులు ఇవి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో, తెల్లకార్డు ఉంటే ఆ ఫీజు కూడా లేకుండా, అర్జీ పెట్టండి. టెండరు నియమాలు, వర్క్ ఆర్డరు, ఏ చోట ఎందరు గార్డులో ఆ జాబితా, హాజరు పట్టీ, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. చలానాలు, ఏజెన్సీ లైసెన్సు నకలు అడగండి. ముప్పై దినాల్లో ఇయ్యాల. జాబితాలో పేర్లకూ గేటు దగ్గర నిలబడిన మనుషులకూ ఎంత తేడా ఉందో రాత్రి పూట తిరిగి చూడండి. ప్రతి గార్డు అన్న, అక్క ఒక నోటుపుస్తకం పెట్టుకోవాల. వచ్చిన టైము, పోయిన టైము, ఇచ్చిన జీతం, కోసిన డబ్బు అందులో రాయాల. చదువు రాకపోతే పిల్లలతో రాయించండి. ఆ పుస్తకమే రేపు సాక్షి.

జీతం ఏజెన్సీ ఇయ్యకపోతే "మాకు సంబంధం లేదు" అనే హక్కు మున్సిపాలిటీకి లేదు. 1970 చట్టం ఆ భారాన్ని అసలు యజమాని మీద పెట్టింది. కొత్త కోడ్ కూడా పెట్టింది. ముందు మున్సిపాలిటీ జీతం ఇచ్చి, తర్వాత ఏజెన్సీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. కోడ్ చేసిన అన్యాయం ఒకటుంది. ఇరవై మంది ఉన్న చోట వర్తించే కాంట్రాక్టు నిబంధనలను యాభై మందికి పెంచింది. కాబట్టి కాపలావాళ్లు విడిగా, పారిశుధ్యంవాళ్లు విడిగా, నీళ్లపంపుల వాళ్లు విడిగా ఉంటే లెక్కలోకి రారు. అందరూ కలిసి లెక్కకు నిలబడాల. యాభై దాటుతారు. సంఘానికీ అదే బలం.

మా డిమాండ్లు ఇవీ:

1. నిత్యం జరిగే కాపలా పనిని కౌన్సిలు తీర్మానంతో పోస్టులుగా అడగాల. ఆ పోస్టులకు రోస్టరు పాటించాల. ఇప్పుడు పని చేస్తున్నవాళ్లకే మొదటి అవకాశం ఇయ్యాల.

2. అంతవరకు ప్రతి గేటుకూ ఎనిమిది గంటల మూడు షిఫ్టులు, వారానికి ఒక సెలవు టెండరులోనే రాయాల. పన్నెండు గంటల షిఫ్టు రాసిన టెండరు చెల్లదు.

3. ఏడో తేదీ లోపల జీతం బ్యాంకులో పడాల. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. రసీదులు చూపకుండా ఏజెన్సీకి బిల్లు ఇయ్యగూడదు.

4. ఏజెన్సీ మారినా మనుషులు మారగూడదు. చేరేటప్పుడు డిపాజిట్ తీసుకున్నవాని పేరు నల్లజాబితాలో పెట్టాల.

5. గది, తలుపు, లైటు, మరుగుదొడ్డి, టార్చి, వాన కోటు, చలి కోటు మున్సిపాలిటీ ఇయ్యాల. ఆడవాళ్లను రాత్రి ఒంటరిగా పెట్టగూడదు.

6. సంజాయిషీ లేకుండా జీతంలో ఒక్క పైసా కోయగూడదు. కాపలావానితో ఆఫీసు ఊడ్పించడం, ఇంటికి పాలు, కూరగాయలు మోయించడం ఆపాల.

7. టెండరులో కోట్ల టర్నోవరు అడిగి మనల్ని గేటు బయటే నిలబెట్టడం మానుకోవాల. గార్డులే 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద సంఘం కట్టుకుని లైసెన్సు తెచ్చుకుంటే ధరావతు మాఫీ చేసి పని ఇయ్యాల. హిందూపురం పొలిమేర దాటితే కర్ణాటక. అక్కడ చిన్న కట్టడాల పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం కాంట్రాక్టులు కేటాయించాలని 2017 నుంచే చట్టం నడుస్తోంది. పొలిమేరకు అవతల న్యాయమైనది ఇవతల అన్యాయమవుతుందా?

ఏడో డిమాండు చూసి కొందరు "కాంట్రాక్టు వద్దంటూనే కాంట్రాక్టు అడుగుతారా?" అంటారు. అవును, మొదటి డిమాండే మా డిమాండు. అది సాధించేదాకా పాళెగాని చేతిలో ఉన్న కావలి రుసుము కావలి కాసేవాని చేతికి రావాల. అంతే.

ఒకప్పుడు మన నీడ పడితే మైలపడే బావులు. ఇప్పుడు ఆ ఊరి నీళ్ల ట్యాంకుకు మనమే కాపలా. ఒకప్పుడు గడప దాటనీయని బడులు. ఇప్పుడు ఆ బడి గేటు తాళంచెవి మన చేతిలో. ఊరు హాయిగా నిద్రపోతున్నదంటే మనం మేలుకొని ఉన్నందుకే. ఆ మేలుకొలుపు ఊరి కోసం చాలా ఏండ్లు చేసినాం. ఇంగ మన కోసం మేలుకోవాల.

ఈ పత్రిక చదివినాక మీ ఊరి ట్యాంకు దగ్గరికి ఒక రాత్రి పోండి. ఆ పెద్దాయన పక్కన కూర్చోండి. తాగడానికి ఒక చెంబు నీళ్లు, వినడానికి ఒక చెవి తీసుకుపోండి. పొద్దున ఆయన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు పోండి. "ఈయన ఎవరి మనిషి?" అని ఇంకోసారి అడగండి. ఈసారి ఒక్కరు కాదు, యాభై మంది పోయి అడగండి.

కాపలా మాదే. కూలి మాకే. ఉద్యోగం మా హక్కే.

జై భీమ్!